నచ్చిన పుస్తకం గురించి ఎదుటివాళ్ళ చేత మాట్లాడించడం ఎలా?

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే, మాటలు మాత్రమే వేరు. "ఒక రచయితతో మాట్లాడే అవకాశం వచ్చింది, ఏం అడగాలో తెలియట్లేదు" అని ఒకరు. "మా అక్క పుస్తకాల పురుగు, మామూలుగా అయితే ఒక్క నవల గురించి గంటసేపు చెప్తుంది, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టేసరికి 'బాగుంది, అందరూ చదవాలి' అని రెండు ముక్కల్లో తేల్చేసింది" అని ఇంకొకరు. ఇన్నాళ్ళూ విడివిడిగా జవాబులు రాస్తూ వచ్చాను, ఇప్పుడు మొత్తం ఒకచోట పెడుతున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను, కింద ఉన్నదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పుస్తకం గురించి అడగకండి, చదవడం గురించి అడగండి. పుస్తకం గురించి అడిగితే ఎంత మంచి పాఠకుడైనా విమర్శకుడి గొంతు తెచ్చుకుని ఎక్కడో విన్న మాటలే చెప్తాడు. చదివిన రోజుల గురించి, చదువుతూ చదువుతూ ఆగిపోయిన పేజీ గురించి అడిగితే మాత్రం సొంత మాట తప్ప చెప్పడానికి వేరే ఏమీ ఉండదు.

కావాల్సినవి

- వాళ్ళు ఎంచుకున్న పుస్తకం, మీరు చదివి ఉండాలి. వీలైతే అదే ముద్రణ దొరికించుకోండి, పేజీ నంబర్లు కలుస్తాయి.
- వాళ్ళ సొంత ప్రతి. ఇది మర్చిపోవద్దు, ఎందుకో ఐదో మెట్టులో చెప్తాను.
- రికార్డు చేసే ఫోన్, దానికి తోడు ఇంకొక ఫోన్ గానీ రికార్డర్ గానీ.
- నోట్‌బుక్, పెన్ను, పేజీల మధ్య పెట్టడానికి చిన్న కాగితం ముక్కలు.
- ఇద్దరికీ తీరిక ఉన్న గంటన్నర. మాట్లాడేది గంటే అయినా మిగతా అరగంట కావాలి.

1. పుస్తకాన్ని వాళ్ళనే ఎంచుకోనివ్వండి, ఒక్కటే

"మీకు నచ్చిన పుస్తకాలు చెప్పండి" అంటే జాబితా వస్తుంది, జాబితాతో సంభాషణ నడవదు. ఒక్క పుస్తకమే అడగండి. అయితే "మీ జీవితంలో అత్యుత్తమ పుస్తకం ఏది?" అని అడిగారంటే ఎదుటివాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది, ఆ పేరుతో తమ స్థాయిని కొలుస్తారేమో అనుకుని గౌరవంగా కనిపించే పేరు ఒకటి చెప్పేస్తారు, ఆ తర్వాత దాని గురించి చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. బీబీసీ రేడియోలో 1942లో మొదలైన 'డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్' కార్యక్రమం ఈ ఇబ్బందిని తెలివిగా దాటుతుంది. ఒంటరి దీవికి తీసుకెళ్ళడానికి అతిథి 8 పాటలు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు ఎంచుకోవాలి. పుస్తకం దగ్గరకి వచ్చేసరికి బైబిలు గానీ అలాంటి మరో గ్రంథం గానీ, దాంతో పాటు షేక్స్‌పియర్ రచనలు మీకు ముందే ఇచ్చేశాం, ఇవి కాక ఇంకొకటి చెప్పండి అంటారు. అంటే అందరూ చెప్పే జవాబును ముందే పక్కన పెట్టేశారన్నమాట.

మీరూ అలాగే చేయొచ్చు. "అందరూ గొప్పది అనేవి వద్దు, మీరు మళ్ళీ మళ్ళీ తీసి చూసే పుస్తకం ఏది?" అని అడగండి. నేనైతే "ఎవరికీ అరువు ఇవ్వడానికి మనసొప్పని ప్రతి ఏది?" అని అడుగుతాను, దీనికి చాలామంది ఆలోచించకుండానే చెప్తారు.

రచయితలతో అయితే వాళ్ళ సొంత పుస్తకం కాకుండా వేరేవాళ్ళ పుస్తకం ఎంచుకోమనండి. సొంత పుస్తకం గురించి ఒకే రకం ప్రశ్నలకి ఎన్నోసార్లు జవాబు చెప్పి ఉంటారు, ఆ జవాబులు అరిగిపోయి ఉంటాయి. ఇంకొకరి పనితనం గురించి అడిగితే మాత్రం ఉత్సాహంగా చెప్తారు, దారిలో తమ రాతరహస్యాలూ బయటపెడతారు.

2. చదవండి, గుర్తులు పెట్టుకోండి

చదవకుండా వెళ్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది, తెలిశాక ఎదుటివాళ్ళు మీకు కథ వివరించడం మొదలుపెడతారు, సంభాషణ కాస్తా కథాసంగ్రహం అయిపోతుంది. చదువుతూ మూడు రకాల చోట్ల కాగితం ముక్క పెట్టుకోండి: మీరు ఆగిన చోటు, అర్థం కాని చోటు, ఒప్పుకోలేని చోటు. సంభాషణలో ఎక్కువ పనికొచ్చేది మూడోది.

పాత్రల పేర్లు, బంధుత్వాలు ఒక పేజీలో రాసుకోండి. అనువాదమైతే అనువాదకుల పేరు కూడా రాసుకోండి, వాళ్ళు చదివింది మీరు చదివిన అనువాదమేనా అని ముందే కనుక్కోండి. రెండు అనువాదాల్లో ఒకే వాక్యం రెండు రకాలుగా ఉండొచ్చు, మీరిద్దరూ వేర్వేరు వాక్యాల గురించి మాట్లాడుకుంటూ అది గమనించకపోవచ్చు.

పుస్తకం మరీ పెద్దది, టైం లేదు అనుకోండి. ఆ సంగతి దాచకండి. "మొదటి వంద పేజీలు చదివాను, మిగతాది పూర్తి కాలేదు, మీరు తప్పనిసరిగా చదవమనే అధ్యాయం ఏది?" అని రెండు రోజుల ముందు అడిగి అది చదువుకుని వెళ్ళండి. ఎవరూ తప్పు పట్టరు.

సమీక్షలు మాత్రం ముందు చదవొద్దు. వాటిలోని మాటలు మీ ప్రశ్నల్లోకి వచ్చేస్తాయి.

3. ప్రశ్నలు ఇరవై రాయండి, ఏడు ఉంచండి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

"ఈ పుస్తకం మీకు ఎందుకు నచ్చింది?" అనే ప్రశ్న తీసేయండి. ఇష్టానికి కారణం అడిగితే మనిషి అప్పటికప్పుడు ఒక కారణం తయారుచేసుకుంటాడు, 'శైలి అద్భుతం, పాత్రలు సజీవంగా ఉంటాయి' అంటాడు. అది ఏ పుస్తకానికైనా అతుకుతుంది. దాని బదులు ఇలా అడిగి చూడండి:

- ఈ పుస్తకం మీ చేతికి ఎలా వచ్చింది? ఎవరిచ్చారు?
- మొదటిసారి చదివినప్పుడు ఎక్కడ ఆగారు? ఎందుకు ఆగాల్సి వచ్చింది?
- మళ్ళీ చదివినప్పుడు ఏ పాత్ర మీద మీ అభిప్రాయం మారింది?
- ఎవరికైనా చదవమని ఇచ్చారా? వాళ్ళకి నచ్చకపోతే మీకేమనిపించింది?
- ఇందులో మీరు దాటేసి చదివే భాగం ఏది?

ఆ చివరి ప్రశ్నను కచ్చితంగా ఉంచుకోండి. నిజంగా ప్రేమించే పుస్తకంలో లోపాలు ఎక్కడున్నాయో వాళ్ళకి బాగా తెలుసు, చెప్పేటప్పుడు గొంతు కూడా మారుతుంది, ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెప్తారు. లోపమే లేదన్నారంటే ఆ పుస్తకం చదివి చాలాకాలమై ఉండొచ్చు, లేదా ఇంకా మీ దగ్గర మొహమాటం పోయి ఉండదు. కాసేపయ్యాక మళ్ళీ అడగండి.

రచయితలకి పనితనం ప్రశ్నలు వేయండి, చిన్నగా, కొలవగలిగేలా. ఈ కథ ఎన్ని రోజుల్లో జరుగుతుంది? ఇది ఎవరి నోటితో చెప్పారు, ఇంకొకరితో చెప్పిస్తే ఏం పోయేది? మీరే రాసి ఉంటే మొదటి సన్నివేశం ఎక్కడ మొదలుపెట్టేవారు? "సాహిత్యానికి ప్రయోజనం ఏమిటి?" లాంటి ప్రశ్న వేశారంటే వచ్చేది ఉపన్యాసమే.

జాగ్రత్త: ఒకే ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలపకండి. తేలికైనదానికి జవాబు చెప్పి రెండోది వదిలేస్తారు, వదిలేసింది మీకు ఇంటికొచ్చాక గానీ తెలియదు.

4. రికార్డింగ్ సరిచూసుకోండి

ముందుగా అనుమతి. రికార్డింగ్ మొదలయ్యాక కూడా ఇంకోసారి అడగండి, "రికార్డు చేస్తున్నాను, మీకు సమ్మతమేనా?" అని. ఆ జవాబు కూడా ఫైల్లో ఉండాలి. ఎక్కడ వాడబోతున్నారో, రాతగానా గొంతుగానా, అదీ చెప్పండి.

ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. మాట్లాడేవాళ్ళ నోటికి జానెడు నుంచి మూరెడు దూరంలో ఉంచండి, బల్ల మీద పెడితే కింద మడిచిన గుడ్డ వేయండి, లేకపోతే పుస్తకం పెట్టిన ప్రతిసారీ ఢాం అని వినిపిస్తుంది. ఫ్యాన్ తగ్గించండి. ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌తో వినండి, స్పీకర్లో వింటే గదిలోని గుయ్ మనే శబ్దం తెలియదు.

ఫోన్‌లో ఖాళీ ఉందో లేదో చూడండి. మామూలు నాణ్యతతో ఒకే ఛానెల్ (మోనో) వేవ్ ఫైలుగా, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలుగా, రికార్డు చేస్తే నిమిషానికి 5 ఎంబీ పైనే, గంటకు 320 ఎంబీ దాకా అవుతుంది. నేను ఒకసారి ఒకావిడతో మాట్లాడేటప్పుడు ఇది చూసుకోలేదు. నలభై నిమిషాల దగ్గర మెమరీ నిండిపోయింది, అది తెలియక ఇంకో అరగంట మాట్లాడుకున్నాం. మిగతాది గుర్తున్నంత వరకు రాసి పంపిస్తే ఆవిడ చదివి "భావం నాదే, మాటలు నావి కావు" అన్నారు. ఆ అరగంట మొత్తం తీసేశాను. అందుకే రెండో రికార్డర్ గురించి ఇంత పట్టుబట్టి చెప్తున్నాను.

దూరం నుంచి మాట్లాడుతుంటే ఎవరి వైపు వాళ్ళు తమ ఫోన్‌లో రికార్డు చేసుకుని తర్వాత ఫైలు పంపుకోవడం మేలు, నెట్ తడబడినా మాట పోదు.

5. మాట్లాడించండి

కూర్చోగానే వాళ్ళ ప్రతిని చేతికివ్వండి. ఏమీ అడగకండి, ఊరికే తిరగేయనివ్వండి. అట్ట మీద మరక, మొదటి పేజీలో ఎవరో రాసిన పేరు, మడిచిన మూలలు, దానంతటదే తెరుచుకునే పేజీ, ఇవన్నీ మీ ప్రశ్నలకంటే బాగా అడుగుతాయి. మైకు చూసి బిగుసుకుపోయే మనిషి కూడా తన పుస్తకం చేతిలో ఉంటే నిమిషంలో మామూలైపోతారు. ఒక అర పేజీ పైకి చదవమనండి. చదువుతూ ఎక్కడో ఒకచోట ఆగుతారు, మీ తర్వాతి ప్రశ్న అక్కడి నుంచే రావాలి, మీ కాగితం నుంచి కాదు. ప్రతి పోయిందనో, అరువిచ్చినవాళ్ళు తిరిగివ్వలేదనో అంటే మీ ప్రతే ఇవ్వండి, ముందుగా ఆ పోయిన ప్రతి గురించి అడగండి.

జవాబు అయిపోయిందనిపించాక మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ ఐదు అంకెల మౌనంలోనే చాలాసార్లు అసలు మాట వస్తుంది. మధ్యమధ్య "అవునవును", "కరెక్ట్" అనకండి, తల ఊపితే చాలు, రికార్డింగులో మీ మాట వాళ్ళ మాట మీద పడితే రెండూ వినపడవు. మీకూ ఆ పుస్తకం ఇష్టమే కావచ్చు, మీ కథ చెప్పాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి, అది సంభాషణ అయ్యాక చెప్పుకోవచ్చు.

ఇక జ్ఞాపకం సంగతి. చదివి ఏళ్ళయిన పుస్తకంలో లేని సన్నివేశాన్ని ఉన్నట్టు చెప్పడం చాలా మామూలు విషయం. నాకొక పెద్దాయన ఒక నవల ముగింపు చెప్పారు, వానలో తడుస్తూ కొడుకు ఇంటికి తిరిగొస్తాడు అని, కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. పుస్తకంలో వాన లేదు, కొడుకు వచ్చేది పగటిపూట. అలాంటప్పుడు వెంటనే సరిదిద్దకండి, మాట ఆగిపోతుంది. పేజీ నంబర్ మాత్రం రాసుకుని, వాళ్ళు ముగించాక, "ఆ పేజీ ఒకసారి చూద్దామా?" అని ఇద్దరూ కలిసి తెరవండి. ఆయన ఆ పేజీ చూసి చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే ఆ వాన నాదే" అని తను ఇంటికి తిరిగెళ్ళిన రోజు గురించి చెప్పారు. ఆ సంభాషణ మొత్తంలో నేను దాచుకున్న భాగం అదే. పరీక్ష పెట్టినట్టు అడిగి ఉంటే రాదు, "నాకూ సరిగ్గా గుర్తులేదు" అనే ధోరణిలో అడగాలి.

మాట్లాడటం ఇష్టం లేనివాళ్ళూ ఉంటారు. ప్రశ్నలు రాసి పంపండి, జవాబులు రాసిమ్మనండి, ఇదేం తక్కువ పద్ధతి కాదు. నవలాకారుడు వ్లదీమిర్ నబకోవ్ ప్రశ్నలు ముందే రాసి పంపమని, జవాబులు రాతలోనే ఇచ్చేవారు. ఒక్క చిక్కు ఏమిటంటే రాతలో ఎదురుప్రశ్న వేయలేరు, కాబట్టి మొత్తం ఒకేసారి పంపకుండా రెండు మూడు విడతలుగా పంపండి, రెండో విడత మొదటి జవాబుల నుంచి పుట్టాలి.

చివర్లో "నేను అడగనిది ఏమైనా ఉందా?" అని అడగండి. లేచి నిలబడ్డాక కూడా రికార్డింగ్ వెంటనే ఆపకండి, అయితే ఇంకా నడుస్తోందని చెప్పండి. ఆగిపోయిందనుకుని వాళ్ళు చెప్పిన మాట ఎంత బాగున్నా అడక్కుండా వాడుకోవద్దు.

6. రాతలో పెట్టండి

అదే రోజు మొదలుపెట్టండి. అలవాటు లేనివాళ్ళకి గంట రికార్డింగ్ టైపు చేయడానికి నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, కాబట్టి ఒక్క రోజులో అవకపోతే కంగారు పడకండి. మాటను రాతగా మార్చే టూల్స్ వాడుకోవచ్చు, కానీ పాత్రల పేర్లు, ఊర్ల పేర్లు, యాసలో పలికిన మాటలు దాదాపు ప్రతిసారీ తప్పుతాయి, మొత్తం మళ్ళీ విని సరిచేయాల్సిందే.

ఏది మార్చొచ్చు, ఏది కూడదు? నేను పెట్టుకున్న గీత ఇది. తీసేయడం తప్పు కాదు, చేర్చడం తప్పు. ఊతపదాలు, మళ్ళీ మళ్ళీ వచ్చే "అంటే"లు, సగంలో వదిలేసిన వాక్యాలు తీసేయండి. వాళ్ళ యాసను పుస్తకభాషగా మార్చకండి. జవాబుల వరస మార్చొచ్చు, కానీ ఒక ప్రశ్నకి చెప్పిన జవాబును ఇంకో ప్రశ్న కింద ఎప్పుడూ అతికించొద్దు. రెండు వాక్యాల మధ్య అతుకు కోసం ఒక చిన్న మాట చేర్చాల్సి వస్తే వాళ్ళకి చూపించి అడగండి.

మొదలు ఎక్కడ? 'నమస్కారం, మీ గురించి చెప్పండి' దగ్గర కాదు. మాట ఊపందుకున్న చోట మొదలుపెట్టండి, పరిచయం రెండు మూడు వాక్యాల్లో పైన రాసేయండి.

7. బయటపెట్టేముందు వాళ్ళకి చూపించాలా?

ఇది కూడా చాలామంది అడిగారు. వార్తల పనిలో అయితే సాధారణంగా చూపించరు, దానికి కారణాలున్నాయి. ఇక్కడ మనం ఎవరినీ నిలదీయడం లేదు, ఒకరి ఇష్టాన్ని వాళ్ళ మాటల్లో నిలబెట్టాలనుకుంటున్నాం, కాబట్టి చూపించాలనే నా అభిప్రాయం. 1953లో మొదలై మొదటి సంచికలోనే ఇంగ్లీషు నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్‌తో సంభాషణ వేసిన 'పారిస్ రివ్యూ' సాహిత్య పత్రిక రచయితలకి రాతప్రతి చూపించి దిద్దుకోనివ్వడంలో పేరు తెచ్చుకుంది. ఆ సంభాషణలు ఇప్పటికీ జనం వెతుక్కుని చదువుతున్నారు.

చిక్కల్లా దిద్దేటప్పుడు జీవం పోతుందనే. కొందరు మాట్లాడిన మాటలు తీసేసి వ్యాసం రాసిస్తారు. అందుకే పంపేటప్పుడే చెప్పండి: తప్పులు దిద్దండి, వద్దనుకున్నది కొట్టేయండి, కొత్తగా చేర్చాలనుకుంటే ఫోన్ చేయండి, మాట్లాడుకుందాం. ఒక వారం గడువు పెట్టండి.

8. సరిచూసుకోవడం

ముందు నిజాలు. పుస్తకం పేరు, రచయిత పేరు, అనువాదకుల పేరు, మొదటిసారి అచ్చయిన సంవత్సరం, మీరు వాడిన ముద్రణ. ఉటంకించిన వాక్యాలు రికార్డింగ్ నుంచి కాదు, పుస్తకం తెరిచి అక్షరం అక్షరం చూసి రాయండి. రెండు మూడు వాక్యాలు చాలు, పేజీలకి పేజీలు ఎత్తి రాస్తే హక్కుల సమస్య కూడా వస్తుంది. పుస్తకం ముగింపు బయటపడే చోటు ఉంటే పైనే ఒక మాట రాయండి.

తర్వాత ఈ పరీక్షలు పెట్టండి.

ఒక్కో జవాబులో పుస్తకం పేరు తీసేసి మీకు తెలిసిన వేరే పుస్తకం పేరు పెట్టి చదవండి. అప్పుడూ అతికినట్టు సరిపోతే ఆ జవాబు కొట్టేయండి. మొదటిసారి చేస్తే సగం పోవచ్చు, పోనివ్వండి, మిగిలిన సగం గట్టిగా నిలబడుతుంది. మరీ తక్కువ మిగిలితే ఫోన్ చేసి ఇంకో అరగంట అడగండి, ఈసారి పేజీ నంబర్లు పట్టుకుని.

మీ ప్రశ్నల పొడవు చూడండి. మొత్తంలో నాలుగో వంతు కంటే ఎక్కువ మీ మాటలే ఉంటే ప్రశ్నలు కత్తిరించండి. మీ ప్రశ్న నాలుగు లైన్లు, జవాబు "నిజమే" అని ఉందంటే అక్కడ మాట్లాడింది మీరే.

ఆ పుస్తకం చదవని ఒకరికి ఇవ్వండి. చదివాక 'బాగుందా?' అని అడగొద్దు, 'నీకేం గుర్తుంది?' అని అడగండి. ఒక్క దృశ్యమైనా, పుస్తకంలోదో చదివిన మనిషి జీవితంలోదో, చెప్పగలిగితే చాలు. "ఆయనకి ఆ పుస్తకం చాలా ఇష్టం" అని మాత్రమే అంటే మళ్ళీ మూడో మెట్టుకి వెళ్ళాలి.

చివరగా, వాళ్ళని బాగా ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే రెండు పేరాలు పైకి చదివి వినిపించండి. "అచ్చం తను మాట్లాడినట్టే ఉంది" అన్నారంటే పంపేయండి.

రికార్డింగ్ చెరిపేయకండి. తేదీ, మనిషి పేరు, పుస్తకం పేరు ఫైలు పేరులోనే పెట్టి రెండు వేర్వేరు చోట్ల దాచండి, ఒక కాపీ వాళ్ళకీ ఇవ్వండి. తర్వాత ఎప్పుడైనా అదే మనిషితో అదే పుస్తకం గురించి మళ్ళీ కూర్చుంటే, ముందుగా ఆ పాత ఫైలు వినండి, అప్పుడు ఆగిన పేజీ దగ్గర నుంచే అడగడం మొదలుపెట్టొచ్చు.